పదహారు మెట్ల దగ్గర బస్సు ఆగింది

మారిషస్‌లో బిల్డింగ్ సైటులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. రెండేళ్లయినా నేను చూసింది సైటు, క్యాంపు, మార్కెట్టు అంతే. మొన్న ఒక శనివారం సెలవు దొరికితే నేను, మా కుర్రాళ్లు పన్నెండు మంది డబ్బులు పోగేసుకుని గైడుతో సహా మినీ బస్సు మాట్లాడుకున్నాం. పులిహోర కట్టుకుని తెల్లారే బయల్దేరాం. కుర్రాళ్లకి కావాల్సింది బీచీ, ఫొటోలూ.

గైడు మాత్రం ముందు పోర్ట్ లూయిస్ రేవులో ఆప్రవాసీ ఘాట్ దగ్గర దింపాడు. "రోజూ చూసేవి గోడలే కదన్నా, ఇక్కడా గోడలేనా?" అని మా శ్రీకాకుళం కుర్రాడు గొణిగాడు. నల్లరాతి గోడలు, పైకి పదహారు మెట్లు. ఓడ దిగిన కూలీలు ఎక్కింది ఇవేనట. 1834 నుంచి 1920 దాకా మన దేశం నుంచి ఈ దీవికి నాలుగున్నర లక్షల మందికి పైగా వచ్చారు. కోరంగి రేవులో ఓడ ఎక్కిన మనవాళ్లని ఇక్కడ కోరింగీలు అనేవారు. ఇప్పుడు ఉగాదికి దేశమంతా సెలవు!

గైడు ముత్తాతలూ తెలుగువాళ్లే. భాష రాదు గానీ ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ మానలేదట. ఆ మాట వినగానే మావాళ్లు ఆయన చుట్టూ చేరిపోయారు.

అగ్రిమెంటు ఐదేళ్లు, జీతం నెలకి ఐదు రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. గైడు ఇది చెప్పగానే గొణిగిన కుర్రాడు నా వైపు చూశాడు. పోయిన నెల వాడికి జ్వరమొస్తే రెండు రోజులు ఆబ్సెంటు వేసింది నేనే. చీటీ లేదు కాబట్టి రూలు ప్రకారం వేశాను. వాడేమీ అనలేదు. మెట్ల మీద కూర్చుని ఫొటో మాత్రం తీయించుకున్నాడు.

తర్వాత గంగా తలావ్‌లో 108 అడుగుల శివుడు, షామరెల్‌లో ఏడు రంగుల మట్టి చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. కొండల మీద చలి, వాన, మీరు వెళ్తే స్వెట్టరు మర్చిపోకండి. లె మోర్న్ బీచీకి చేరేసరికి పులిహోర అయిపోయింది, కుర్రాళ్లు బట్టలతోనే నీళ్లలోకి దూకేశారు.

ఆ రెండు రోజులూ సిక్ లీవు కింద మార్చమని సోమవారం ఆఫీసులో కాగితం ఇచ్చాను. ఇంకా ఏమీ చెప్పలేదు.