తెలుగు సందేశము – బిట్ల లెక్క

పరీక్ష తేది మారినదని ఒక ఉపాధ్యాయుడు తల్లిదండ్రులకు ఎస్.ఎం.ఎస్. పంపుచున్నాడనుకొందము. ఇంగ్లీషున వ్రాసినచో 160 అక్షరములవరకు ఒకే సందేశముగా పోవును. తెలుగున వ్రాసినచో 70తోనే హద్దు ముగియును. ఈ భేదమునకు కారణమేమి?

సందేశము అక్షరరూపమున ప్రయాణము చేయదు, సంఖ్యారూపమున చేయును. ఆ సంఖ్యలను 0, 1 అను రెండు గుర్తులతోనే వ్రాయుదురు. ఒక్కొక్క గుర్తును 'బిట్' అనియు, ఎనిమిది బిట్లను 'బైట్' అనియు అందురు. ఒక ఎస్.ఎం.ఎస్.లో 140 బైట్లు, అనగా 1,120 బిట్లు పట్టును. ఇంగ్లీషు అక్షరమునకు 7 బిట్లు చాలును. 1,120ని 7చే భాగించిన 160 వచ్చును. కాని 7 బిట్లతో 128 సంఖ్యలే ఏర్పడును. ప్రపంచములోని లిపులన్నిటికిని అవి చాలవు. అందుచే తెలుగు వంటి లిపులకు సాధారణముగా 16 బిట్లు వాడుదురు. 1,120ని 16చే భాగించిన 70 వచ్చును.

ఏ అక్షరమునకు ఏ సంఖ్యయో నిర్ణయించు అంతర్జాతీయ పట్టికకు యూనికోడ్ అని పేరు. దీని మొదటి కూర్పు 1991లో వెలువడినది. ఇందు తెలుగునకు 128 స్థానములు కలవు. హల్లునకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తునకు మరియొక సంఖ్య. "రేపు బడికి సెలవు" అను వాక్యమున కంటికి కనబడునవి 8 అక్షరములే. యంత్రమునకు 'రే' అనగా రకారము, ఏత్వము అను రెండు. ఇట్లు లెక్కించి, పదముల నడుమనున్న రెండు ఖాళీలను కూడ కలిపిన 16 అగును.

ఈ లెక్క తెలిసినవారికి కొన్ని మెలకువలు చిక్కును. ఇంగ్లీషు సందేశములో ఒక్క తెలుగు అక్షరముగాని, నవ్వుముఖపు బొమ్మగాని చేరినచో సందేశమంతయు 16 బిట్ల పద్ధతికి మారును. కనుక సగము ఇంగ్లీషు, సగము తెలుగు వ్రాసినందువలన బిట్లు ఆదా కావు. 70 దాటిన సందేశము 67 చొప్పున ముక్కలగును. ముక్కలను మరల అతుకుటకు కావలసిన వివరము కొంతచోటు ఆక్రమించును. ఇట్టిచోట మర్యాదవాక్యములు తగ్గించి, తేది, వేళ, స్థలము ముందు వ్రాయుట మేలు.

ఈమెయిల్, వాట్సాప్ వంటి సాధనములలో ఈ 70 హద్దు లేదు. ఇంటర్నెట్‌లో విరివిగా వాడు యూ.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు గుర్తునకు 3 బైట్లు, ఖాళీకి 1 బైటు పట్టును. పై వాక్యమునకు 44 బైట్లు చాలును. అదే వాక్యమును కాగితముపై వ్రాసి ఫొటో తీసి పంపినచో లక్షల బైట్లు కావచ్చును. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. ఫొటోలో ఉన్నవి చుక్కల రంగులేగాని అక్షరముల సంఖ్యలు కావు. నెల గడచిన పిమ్మట 'సెలవు' అని వెదకినను ఆ ఫొటో దొరకకపోవచ్చును. చూపులేనివారికి సందేశమును చదివి వినిపించు సాధనము, ముందుగా బొమ్మలోని అక్షరములను గుర్తింపవలసియుండును. చేతివ్రాతయైనచో తప్పులు దొర్లును.

తెలుగు అక్షరములకు బిట్లు ఎక్కువ పట్టునన్నది నిజమే. కాని తెలుగు మాత్రమే చదువగల తల్లికి, 160 అక్షరముల ఇంగ్లీషు సందేశముకంటె 16 గుర్తుల తెలుగు వాక్యమే పరీక్ష తేదిని చేరవేయును. విద్యార్థులు తమ పేరును ఇట్లే విడదీసి లెక్కించినచో ఈ విషయము తరగతిలోనే తేటపడును.