సోలై నగర్ స్త్రీ మాట ఢిల్లీకి చేరలేదు

ఒక జాతీయ పక్షపు కార్యకర్తల గోడు దేశ రాజధానికి చేరడానికి సాధారణంగా చాలా మజిలీలు పడతాయి. గ్రామ నాయకుడు జిల్లా నాయకునితో చెప్పుకోవాలి. జిల్లా నాయకుడు రాష్ట్ర అధ్యక్షుని చెవిన వేయాలి. ఆ అధ్యక్షుడు ఢిల్లీకి వచ్చి, రోజుల తరబడి పడిగాపులు పడి, ఇన్‌ఛార్జి ప్రధాన కార్యదర్శి చేతికి ఒక విజ్ఞాపన పత్రం అందించుకోవాలి. ఇన్ని చేతులు మారేసరికి అందులోని వేడి చల్లారిపోతుంది. ‘పరిస్థితి మొత్తం మీద ఆశాజనకంగానే ఉన్నది’ అన్న వాక్యం ఒక్కటి మిగులుతుంది.

2021 ఫిబ్రవరి 17న పుదుచ్చేరి పట్టణంలో, ముత్తియాల్‌పేటను ఆనుకొని ఉన్న సోలై నగర్ అనే మత్స్యకారుల పేటలో, ఈ మజిలీలన్నీ కలిసి ఒక్క నిమిషంలో ముగిసినాయి. శ్రీ రాహుల్ గాంధీ ఆనాడు అక్కడి మత్స్యకారులతో ముఖాముఖి మాట్లాడవచ్చారు. ఆయనకు తమిళం రాదు. పక్కన నిలిచి అనువదించినవారు ముఖ్యమంత్రి శ్రీ వి. నారాయణస్వామి. ఒక స్త్రీ లేచి, సముద్రపుటొడ్డున తమ బ్రతుకులు ఇలాగే ఉన్నాయనీ, తమను పట్టించుకొనేవారే లేరనీ, ఈ ముఖ్యమంత్రి అయినా తుపాను వేళ వచ్చి చూశారా అనీ నిలదీసింది. శ్రీ నారాయణస్వామి తమ నాయకునికి ఇంగ్లీషులో విన్నవించిన దానికీ, ఆమె అన్నదానికీ పొంతన లేదు. నివర్ తుపాను సమయంలో తాను వచ్చి చూశానని, సహాయం అందించానని ఆమె చెబుతున్నట్లు ఆయన అనువదించారు.

నివర్ తుపాను 2020 నవంబరు 25 అర్ధరాత్రి వేళ పుదుచ్చేరి సమీపాన తీరం దాటింది. తాను బాధిత ప్రాంతాలకు వెళ్ళిన మాట నిజమేనని శ్రీ నారాయణస్వామి తరువాత వివరణ ఇచ్చుకున్నారు. వెళ్ళే ఉండవచ్చు. కాని ఆ స్త్రీ చెప్పినది అది కాదు. తమిళం తెలిసిన వారందరూ ఆ దృశ్యాన్ని చూచారు, తెలియనివారికి చెప్పారు, సాయంకాలానికి అది దేశమంతటా తిరిగింది. వారం గడిచిన తరువాత, ఫిబ్రవరి 25న, ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ అదే పుదుచ్చేరిలో బహిరంగ సభలో ఆ అనువాదాన్నే ప్రస్తావించి, ముఖ్యమంత్రి ప్రజలతోను, తన సొంత నాయకునితోను కూడా అబద్ధమాడారని ఎద్దేవా చేశారు. ప్రతిపక్షానికి ఇంతకన్న సులభంగా ఎన్నికల నినాదం దొరకడం అరుదు.

పార్లమెంటులో అనువాద సౌకర్యానికి ఒక పద్ధతి ఉన్నది. తమిళంలోనో తెలుగులోనో మాట్లాడదలచిన సభ్యుడు ముందుగా తెలియజేస్తే, గాజు తలుపుల వెనుక కూర్చున్న అనువాదకుడు ఆ మాటలను చెవి యంత్రం ద్వారా సభకు వినిపిస్తాడు. అతనికి ఆ ప్రసంగంలో లాభమూ లేదు, నష్టమూ లేదు. సోలై నగర్‌లో అనువాదకుడే ప్రతివాది. ముఖ్యమంత్రిపై వచ్చిన ఫిర్యాదును ముఖ్యమంత్రి నోటనే వినవలసి రావడం శ్రీ రాహుల్ గాంధీ చేసిన తప్పు కాదు. కాని పక్షాన్ని ఆ స్థితిలో పెట్టిన ఏర్పాటు ఆయన ఇంటిలో తయారైనదే. ఆ సంగతి తెలియాలంటే అయిదేండ్లు వెనక్కు పోవాలి.

2016 మే ఎన్నికలలో పుదుచ్చేరి శాసనసభలోని 30 స్థానాలకుగాను కాంగ్రెసుకు 15, మిత్రపక్షమైన ద్రవిడ మున్నేట్ర కళగానికి 2 లభించాయి. రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడుగా ఆ ఎన్నికలను నడిపినవారు శ్రీ ఎ. నమశ్శివాయం. విల్లియనూర్ నుంచి గెలిచివచ్చిన ఆయనే ముఖ్యమంత్రి అవుతారని ఆయన అనుచరులు నమ్మారు. ఢిల్లీ నుంచి పరిశీలకురాలిగా శ్రీమతి షీలా దీక్షిత్ వచ్చారు. తీరా శాసనసభా పక్ష నాయకునిగా ప్రకటితమైన పేరు శ్రీ నారాయణస్వామిది. ఆయన శాసనసభ్యుడు కారు. 2014 లోక్‌సభ ఎన్నికలలో ఓడినవారు. నమశ్శివాయం వర్గీయులు వీధులకెక్కి నిరసన తెలిపారు. ఢిల్లీలో దానిని రెండు రోజుల ముచ్చటగా భావించి ఊరకున్నారు.

శ్రీ నారాయణస్వామిని ఎందుకు ఎన్నుకున్నారో గ్రహించడం కష్టం కాదు. రాజ్యసభలో మూడు పర్యాయాలు, లోక్‌సభలో ఒక పర్యాయం సభ్యునిగా పనిచేసి, ప్రధానమంత్రి కార్యాలయంలో సహాయమంత్రిగా ఉండి, అధిష్ఠానవర్గానికి ఏ గడ్డు సమస్య వచ్చినా ముందు నిలబడిన వ్యక్తి. 2011 డిసెంబరు 29 రాత్రి రాజ్యసభలో లోక్‌పాల్ బిల్లుపై చర్చకు సమాధానం చెప్పుతున్న ఆయన చేతిలోని ప్రతిని రాష్ట్రీయ జనతాదళ్ సభ్యుడొకరు లాగి చించివేసినప్పుడు కూడా ఆయన ప్రసంగం ఆపలేదు. ఇటువంటి విధేయతకు ప్రతిఫలం ఇవ్వడం ఢిల్లీ సంప్రదాయం. అయితే ఆ ప్రతిఫలం చెల్లించినది విల్లియనూర్ కార్యకర్త. ముఖ్యమంత్రికి స్థానం కావలసివస్తే నెల్లితోపు సభ్యుడు శ్రీ జాన్ కుమార్ రాజీనామా చేసి ఖాళీ చేశారు. 2016 నవంబరు ఉప ఎన్నికలో శ్రీ నారాయణస్వామి అక్కడ గెలిచారు.

ఈ కథ తెలుగు పాఠకులకు కొత్తది కాదు. 1978లో గెలిచిన ఆంధ్రప్రదేశ్ కాంగ్రెసు అయిదేళ్ళ లోపల డాక్టర్ చెన్నారెడ్డి, శ్రీ అంజయ్య, శ్రీ భవనం వెంకట్రామ్, శ్రీ కోట్ల విజయభాస్కరరెడ్డి అనే నలుగురు ముఖ్యమంత్రులను చూచింది. ఒక్కొక్కరి రాకపోకలకూ హైదరాబాదులో కారణం కనబడేది కాదు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో శ్రీ అంజయ్యకు జరిగిన పరాభవం తరువాత కార్యకర్తలకు కడుపు మండింది. మార్చి 29న శ్రీ రామారావు తెలుగుదేశం స్థాపించారు. 1983 జనవరిలో కాంగ్రెసుకు దక్కినవి 60 స్థానాలు. మరల 2009 సెప్టెంబరులో డాక్టర్ రాజశేఖరరెడ్డి మరణించినప్పుడు శాసనసభ్యులలో అధిక సంఖ్యాకులు ఎవరిని కోరుతున్నారో ఢిల్లీకి తెలియక కాదు, వినదలచుకోలేదు. 2011 మార్చిలో శ్రీ జగన్మోహనరెడ్డి వేరు పక్షం పెట్టారు.

దానికి అయిదు వారాల ముందే, 2011 ఫిబ్రవరి 7న, పుదుచ్చేరిలో శ్రీ ఎన్. రంగస్వామి అదే పని చేశారు. 2001 నుంచి ముఖ్యమంత్రిగా ఉన్న ఆయనను 2008లో సహచరుల తిరుగుబాటు దరిమిలా దింపి శ్రీ వైద్యలింగానికి పదవి అప్పగించారు. రెండున్నరేళ్ళు వేచి చూచి, శ్రీ రంగస్వామి అఖిల భారత ఎన్.ఆర్. కాంగ్రెసు స్థాపించి, మూడు నెలలలో 17 స్థానాలకు పోటీ చేసి 15 గెలిచారు. కాంగ్రెసుకు 7 మిగిలాయి. అంటే పుదుచ్చేరిలో కాంగ్రెసు ఓటు పోలేదు; దాని చిరునామా మారింది. ఇంత స్పష్టమైన పాఠం తరువాత 2016లో మళ్ళీ అదే తప్పు చేయడం అధిష్ఠానవర్గపు ధీమా అనాలా, మతిమరుపు అనాలా?

న్యాయంగా చెప్పాలంటే శ్రీ నారాయణస్వామికి మరొక పోరాటం కూడ ఉండినది. లెఫ్టినెంట్ గవర్నరు శ్రీమతి కిరణ్ బేడీ 2016 మే నుంచి ప్రతి దస్త్రాన్నీ ప్రశ్నించారు. ఉచిత బియ్యం పథకంలో బియ్యమివ్వాలా, దాని వెల రొక్కంగా ఇవ్వాలా అన్న వివాదమే నెలల తరబడి సాగింది. 2019 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి నల్లచొక్కా తొడుక్కొని రాజ్‌నివాస్ ఎదుట రోడ్డు మీద ఆరు రోజులు ధర్నా చేశారు. దైనందిన పాలనలో గవర్నరు జోక్యం కూడదని 2019 ఏప్రిల్ 30న మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి తీర్పు చెప్పారు. 2020 మార్చిలో ధర్మాసనం దానిని కొట్టివేసింది. 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం ముఖ్యమంత్రికి ఎంత కుర్చీ ఇచ్చిందో, అంతకన్న పెద్ద కుర్చీ గవర్నరుకు వేసింది. ఈ వాదన నిజమైనదే. కాని పేటలోని మనిషికి రాజ్యాంగ చట్టపు నిబంధనలతో పనిలేదు. బియ్యం వచ్చిందా, తుపాను వేళ ఎవరైనా వచ్చారా అనే చూస్తాడు.

పైగా ఆ వాదన కూడా చివరి ఘడియలో చేజారింది. సోలై నగర్ సమావేశానికి ముందటి రాత్రి, ఫిబ్రవరి 16న, కేంద్రం శ్రీమతి బేడీని పదవి నుంచి తొలగించింది. నాలుగున్నరేళ్ళుగా ఏ అడ్డంకిని చూపి ప్రభుత్వం తన వైఫల్యాలకు సమాధానం చెప్పుకొన్నదో ఆ అడ్డంకి తెల్లవారేసరికి లేదు. ముఖ్యమంత్రి దానిని విజయంగానే ప్రకటించుకున్నారు.

ఈలోగా సభ్యులు జారిపోతున్నారు. జనవరి 25న శ్రీ నమశ్శివాయం రాజీనామా చేసి భారతీయ జనతా పార్టీలో చేరారు. పాతికేళ్ళు యానాం ప్రతినిధిగా ఉన్న శ్రీ మల్లాడి కృష్ణారావు ఫిబ్రవరి 15న వైదొలగారు. మరునాడు రాజీనామా ఇచ్చినవారు, లోగడ ముఖ్యమంత్రి కోసం నెల్లితోపును ఖాళీ చేసిన శ్రీ జాన్ కుమారే. 21న మరి ఇద్దరు పోయారు, వారిలో ఒకరు ద్రవిడ మున్నేట్ర కళగం సభ్యుడు. 22న విశ్వాస తీర్మానం నాటికి ప్రభుత్వ పక్షాన స్పీకరుతో కలిపి 12, ఎదుట 14. శ్రీ నారాయణస్వామి ప్రసంగించి, సభ నుంచి వెలుపలికి నడిచి, రాజీనామా సమర్పించారు. ఆ పదునాలుగురిలో కేంద్రం నామినేట్ చేసిన ముగ్గురు ఉన్నారు. వారికి ఓటు హక్కు ఉన్నదని 2018 డిసెంబరులోనే సుప్రీంకోర్టు తేల్చింది కనుక ఫిర్యాదుకు చోటులేదు. 25న రాష్ట్రపతి పాలన వచ్చింది.

అదే వారం ఢిల్లీలో ఏమి జరుగుతున్నది? ఫిబ్రవరి 15తో శ్రీ గులాం నబీ ఆజాద్ రాజ్యసభ సభ్యత్వం ముగిసింది. 16న శ్రీ మల్లికార్జున ఖర్గే ప్రతిపక్ష నాయకులైనారు. 2020 ఆగస్టులో పూర్తికాలపు నాయకత్వం కావాలని లేఖ రాసిన 23 మందిలో శ్రీ ఆజాద్ ముఖ్యులు. 2019 లోక్‌సభ ఎన్నికల ఓటమికి బాధ్యత వహించి శ్రీ రాహుల్ గాంధీ అధ్యక్ష పదవి వదిలారు. శ్రీమతి సోనియా గాంధీ తాత్కాలికంగా స్వీకరించారు. ఆ తాత్కాలికం మూడేళ్ళకు పైగా, 2022 అక్టోబరులో శ్రీ ఖర్గే ఎన్నికయ్యే వరకు సాగింది. అధ్యక్షుడు కాని నాయకుడు, శాసనసభ్యుడు కాకుండానే ముఖ్యమంత్రి అయిన వ్యక్తిని దుబాసీగా పెట్టుకొని పేటకు వస్తే, ఫిర్యాదు ఎవరితో చెప్పుకోవాలో కార్యకర్తకు తోచకపోవడంలో వింత లేదు. ఆనాడే శ్రీ రాహుల్ గాంధీ మత్స్యకారులకు కేంద్రంలో ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏదని ప్రశ్నించగా, అటువంటి శాఖ 2019లోనే ఏర్పడినదని ఆ శాఖ మంత్రి శ్రీ గిరిరాజ్ సింగ్ ఎత్తిపొడిచారు. పశుసంవర్ధకంతో, పాడితో కలిపి పెట్టిన శాఖ అది. ప్రత్యేకమైనదా కాదా అన్న తర్కం సాగదీయవచ్చు. కాని ముందుగా సమాచారం అందించవలసినవారు అందించలేదన్న సంగతి మాత్రం దాగలేదు.

ఏప్రిల్ ఎన్నికలలో శ్రీ నారాయణస్వామి పోటీయే చేయలేదు. 2016లో 15 స్థానాలున్న పక్షానికి మాహే, లాస్‌పేట రెండే మిగిలాయి. 6 గెలిచిన ద్రవిడ మున్నేట్ర కళగం ప్రతిపక్ష స్థానానికి వెళ్ళింది. ఎన్.ఆర్. కాంగ్రెసుకు 10, భారతీయ జనతా పార్టీకి 6 రాగా మే 7న శ్రీ రంగస్వామి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, శ్రీ నమశ్శివాయం హోంమంత్రి అయ్యారు.

అయితే గెలిచిన కూటమి ఆనందించడానికి ఒక పరిమితి ఉన్నది. గౌతమీ తీరాన, పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మన యానాంలో శ్రీ రంగస్వామి తట్టాంచావడితో పాటు రెండవ స్థానంగా పోటీ చేశారు. శ్రీ మల్లాడి కృష్ణారావు ఆయనకు చోటిచ్చి తాము తప్పుకున్నారు. పెద్దలిద్దరూ కలిసి కుదుర్చుకున్న ఈ ఏర్పాటును యానాం ఓటర్లు అంగీకరించలేదు. స్వతంత్రుడైన శ్రీ గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ కొద్దిపాటి తేడాతో కాబోయే ముఖ్యమంత్రిని ఓడించారు. 30 స్థానాలున్న ఆ సభకు ఆ ఏట ఆరుగురు స్వతంత్రులు వచ్చారు. సోలై నగర్ ఉన్న ముత్తియాల్‌పేట కూడ ఏ పక్షపు గుర్తునూ గెలిపించలేదు. స్వతంత్ర అభ్యర్థి శ్రీ ప్రకాశ్ కుమార్‌ను ఎన్నుకున్నది.

ఢిల్లీకి పంపవలసివచ్చినప్పుడు మాత్రం పుదుచ్చేరి ఓటరు వేరుగా ఆలోచిస్తున్నాడు. 2019లో శ్రీ వైద్యలింగాన్ని రెండు లక్షలకు దగ్గరగా ఆధిక్యతతో లోక్‌సభకు పంపాడు. 2023లో శ్రీ వైద్యలింగం రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షులైనారు. 2024లో మళ్ళీ నిలబడి 1,36,000 పైచిలుకు ఓట్ల తేడాతో గెలిచారు. ఓడినవారు, 2016లో అదే అధ్యక్షపీఠంలో కూర్చుండి కాంగ్రెసుకు 15 స్థానాలు సంపాదించి పెట్టిన శ్రీ నమశ్శివాయం.