పుట్టినరోజును మింగేసే అయిదున్నర గంటలు

న్యూయార్క్‌లో ఉదయం పది. మాదాపూర్‌లో రాత్రి ఎనిమిదిన్నర. హైటెక్‌ సిటీలో 'క్లయింట్‌ కాల్‌' వేళ. మార్చి రెండో ఆదివారం దాటిందా... అదే కాల్‌ ఏడున్నరకే మోగుతుంది! అక్కడ గడియారాల్ని గంట ముందుకు తిప్పేస్తారు మరి. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. మనకా గొడవ లేదు. 1906లో మొదలైన భారత ప్రామాణిక కాలానికి మీర్జాపూర్‌ దగ్గర్నుంచి వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం ఆధారం. గ్రీనిచ్‌ కన్నా అయిదున్నర గంటలు ముందు.

మనుషులైతే 'మీ టైమా, మా టైమా?' అని అడిగి తెలుసుకుంటారు. కంప్యూటర్లు అడగవు. ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాం నుంచి సమాచారం తెచ్చుకునే దారిని ఏపీఐ అంటారు. ఆ దారిలో తేదీలు తారుమారవుతుంటాయి.

ఓ పాప 1990 ఆగస్టు 15న పుట్టిందనుకుందాం. తేదీ ఒక్కటీ పంపితే సరిపోయేది. ప్రోగ్రాం దానికి అర్ధరాత్రి పన్నెండు గంటల్ని తగిలిస్తుంది. సర్వర్‌ కోసం అంతర్జాతీయ సమయంలోకి మారుస్తూ అయిదున్నర గంటలు తీసేస్తుంది. ఇంకేముంది, ఆగస్టు 14 సాయంత్రం ఆరున్నర! అవతలి ప్రోగ్రాం గంటల్ని వదిలేసి తేదీని దాచుకుంటుంది. పాస్‌పోర్టులో ఒక తేదీ, బీమా కాగితాల్లో మరోటి. కౌంటర్‌ దగ్గర సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం ఆ అమ్మాయే. తమాషా ఏంటంటే, అమెరికాలో కూర్చుని ఇదే పరీక్ష చేస్తే తప్పు దొరకదు. అక్కడ గంటలు తీసేయరు, కలుపుతారు. తేదీ మారదు!

03/04 అని రాస్తే మనకి ఏప్రిల్‌ మూడు, అమెరికావాళ్లకి మార్చి నాలుగు. అందుకే 1988లో వచ్చిన ఐఎస్‌ఓ 8601 ప్రమాణం ఏడాదిని ముందు రాయమంది. జరిగిపోయిన లావాదేవీని అంతర్జాతీయ సమయంలో దాచడం మేలు. పుట్టినతేదీకి గంటలే వద్దు. వచ్చే ఏడాది మీటింగుకైతే ఊరి పేరూ, అక్కడి సమయమూ రాసుకోవాలి. ప్రభుత్వాలు నియమాలు మార్చేస్తుంటాయి కదా. 2007లో అమెరికా మార్చింది కూడా.

పంచాంగకర్తలకి ఇది కొత్తేం కాదు. తిథి ముగిసే క్షణం ఒకటే అయినా, 'ఏ ఊరి సూర్యోదయం?' అని చూశాకే పండగ తేలుస్తారు. అమెరికాలోని తెలుగువాళ్లకి కొన్ని పండగలు మనకన్నా ఒకరోజు ముందే రావడం అందుకే.

ఇంకో చిక్కుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల ప్రోగ్రాములు 2038 జనవరి 19న నిండిపోతాయి. మార్చకుండా వదిలేసినవి 1901కి వెళ్లిపోతాయి. మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి. ఆరోజు మంగళవారం. జనం ఆఫీసులకి బయల్దేరే వేళ.