కాళ్ల కింద మబ్బు, నెత్తిమీద మబ్బు

చలికాలంలో పాడేరు దగ్గరి వంజంగి కొండను జనం తెల్లవారకముందే ఎక్కుతారు. లోయ నిండా తెల్లటి మబ్బు, దాన్ని చీల్చుకుని లేచిన కొండ కొనలు కనిపిస్తాయి. మేఘాల కొండ అనే పేరు అందుకే వచ్చింది. అవే మన్యం కొండల మీద మే నెల మధ్యాహ్నం లేచే మబ్బు తీరు వేరు. మొదటిది గాలి కదలకపోతే పుడుతుంది, రెండోది గాలి నిలవలేకపోతే.

నవంబరు నుంచి జనవరి దాకా రాత్రులు పొడుగు. ఆకాశం నిర్మలంగా ఉంటే నేల పగటి వేడినంతా పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట లోయలోకి జారుతుంది. అక్కడ గెడ్డల తేమ, పొలాల తేమ ఎలాగూ ఉంటాయి. తెల్లవారుజాముకి ఆ తేమ సన్నటి నీటి బిందువులై లోయను నింపేస్తుంది. మామూలుగా ఎత్తుకు పోయేకొద్దీ చలి పెరగాలి. ఈ రాత్రుల్లో మాత్రం లోయలో చలి, పైన కాస్త వెచ్చన. పైనున్న ఆ వెచ్చటి పొరను దాటి చల్లగాలి లేవలేదు. మబ్బు పైభాగం అంత చదునుగా ఉండేది అందుకే. ఎండ ఎక్కేసరికి అంతా కరిగిపోతుంది. రాత్రి ఆకాశం మబ్బుపట్టినా, గాలి గట్టిగా వీచినా అంత దూరం ఎక్కిన శ్రమ దండగే. అన్నట్టు, మనం పైనుంచి ఫొటోలు తీసుకునే ఆ అందం లోయలో బండి నడిపేవాడికి దారి కనిపించనివ్వని పొగమంచు.

వేసవి మబ్బు కథ ఇంతకంటే పెద్దది. ఎండకు కొండవాలు మాడుతుంది, దాన్ని తాకిన గాలి తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి వాలుకు తగిలి దానికి తోడవుతుంది. పైకి లేచే గాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. ఒక ఎత్తులో తేమ నీరుగా మారడం మొదలవుతుంది. మబ్బు అడుగు అక్కడే. ఆ ఎత్తును మనమే అంచనా కట్టవచ్చు. గాలి ఉష్ణోగ్రతలోంచి తుషార బిందువును, అంటే చల్లబడే గాలిలో తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను, తీసేసి, మిగిలినదాన్ని 125తో హెచ్చిస్తే సుమారుగా మీటర్లలో వస్తుంది. గాలి 34 డిగ్రీలు, తుషార బిందువు 24 అయితే 1,250 మీటర్లు.

ఆవిరి నీరయ్యేటప్పుడు దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడితో మబ్బులోని గాలి ఇంకా పైకి ఎగబాకుతుంది. అంటే మబ్బు తన ఇంధనాన్ని తానే తయారు చేసుకుంటుందన్నమాట. క్యుములోనింబస్ అని వార్తల్లో వినేది దీన్నే. వీటిలో కొన్ని 15 కిలోమీటర్లు కూడా దాటుతాయి. ఆపైన ఎక్కే వీలు లేక శిఖరం కమ్మరి దాగలిలా పక్కలకు పరుచుకుంటుంది. మబ్బు తల గోబిపువ్వులా గట్టి అంచులతో ఉన్నంతసేపూ అది ఇంకా పెరుగుతోందని లెక్క. అంచులు చెదిరి పీచులా మారితే పైన మంచు పలుకులు ఏర్పడ్డట్టే. చూడాల్సిన గుర్తు నా దృష్టిలో ఇదే. నల్లగా ఉందా, తెల్లగా ఉందా అన్నది ఎండ ఎటున్నదో దాన్ని బట్టి మారిపోతుంది.

వాన కురిసేటప్పుడు కొంత నీరు దారిలోనే ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. ఆ బరువైన గాలి నేలను కొట్టి నలువైపులా పరుగెడుతుంది. చినుకు కంటే ముందు తలుపులు బాదే ఈదురుగాలి ఇదే. ఉక్కపోతలో అది హాయిగా తగులుతుంది గానీ, అప్పటికే మనం పిడుగుల పరిధిలో ఉన్నట్టు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం లెక్క. వ్యవధి 30 సెకన్లలోపు ఉంటే కొండకొన దిగి, చెట్ల కిందికి కాకుండా పక్కా ఇంట్లోకో కారులోకో చేరాలి. ఆఖరి ఉరుము విన్నాక కూడా అరగంట ఆగాలి. పిడుగు ఒక్కోసారి వాన పడే చోటికి పది కిలోమీటర్ల అవతల, ఎండ కాస్తున్న వాలు మీద కూడా పడుతుంది.