తేలినా తంటాయే, మునిగినా తంటాయే

“మామా, చేప ఉల్టా పడ్డది. జెల్ది రా.”

పొద్దున్నే మా అక్క కొడుకు ఫోను. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీకి దగ్గర్లోనే వాళ్లిల్లు. వెళ్లి చూద్దును గదా, గాజు తొట్టిలో నారింజరంగు గోల్డ్‌ఫిష్ పొట్ట పైకి పెట్టి తేలుతోంది. పొట్ట మీద రూపాయి బిళ్లంత మేర నీళ్లు దాటి బయటికొచ్చి, ఆరిపోయి, మెరుపు పోగొట్టుకుంది. పక్కింటాయన “ఇగ అయిపాయె, తీసి పారేయుండ్రి” అని తీర్పు కూడా చెప్పేశాడు. వంగి చూస్తే మొప్పలు ఆడుతున్నాయి. తల్లకిందులైన ప్రతి చేపా చచ్చిన చేప కాదు. ఆ రోజు తొట్టి ముందు కూచుని గమనించినవీ, అంతకుముందు చదివినవీ కలిపి ఇవిగో విశేషాలు.

వంటింట్లో అందరూ చూసిందే

ఆదివారం రవ్వనో బొచ్చెనో కోసి కడిగేటప్పుడు కడుపులోంచి తెల్లగా మెరిసే గాలిబుగ్గ ఒకటి బయటపడుతుంది. చిన్నప్పుడు దాన్ని కాలి కింద పెట్టి టప్పుమనిపించని వాళ్లుండరు. జాగ్రత్తగా చూస్తే అది ఒక్క బుగ్గ కాదు. నడుం దగ్గర బిగించినట్టు ముందొకటి, వెనకొకటి రెండు గదులుంటాయి. చేప ఈదకుండానే నీళ్ల మధ్యలో నిలబడగలిగేది ఈ గాలితిత్తి వల్లనే. మంచినీటి చేప ఒంట్లో ఇది సుమారు 7 శాతం చోటు ఆక్రమిస్తుంది. సముద్రపు చేపకు 5 శాతం చాలు, ఉప్పునీరే దాన్ని కాస్త ఎత్తి పట్టుకుంటుంది.

రవ్వ, బొచ్చె, గోల్డ్‌ఫిష్ అన్నీ ఒకే కుటుంబం. మన చేపల మార్కెట్‌లో ‘బంగారు తీగ’ అని అమ్మే కామన్ కార్పు అయితే గోల్డ్‌ఫిష్‌కు దగ్గరి చుట్టం. పేరులోనూ బంగారమే. ఒకటి పులుసులోకి, ఒకటి షోకేసులోకి పోతుంది, అంతే తేడా.

అందం తెచ్చిన అవస్థ

గోల్డ్‌ఫిష్ పుట్టుకతో గుండ్రటి చేప కాదు. వెయ్యేళ్ల కిందట చైనాలో బూడిదరంగు కార్పుల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రగా పుడితే, వాటిని ఏరి, చెరువుల్లో పెంచి, మళ్లీ ఏరి ఈ జాతిని తయారు చేశారు. తర్వాత మోజు పెరిగింది. పొట్ట గుండ్రంగా ఉండాలి, తోక చీరకుచ్చిళ్లలా జారాలి, తల మీద కిరీటంలా కండ పెరగాలి. ఒరాండా, ర్యూకిన్, రాంచూ అలా వచ్చినవే. రాంచూకు వీపు మీది రెక్క కూడా లేదు. పడవకు అడుగుపలక ఊడదీసినట్టన్న మాట.

పొడుగాటి ఒంట్లో సర్దుకున్న పేగులు, గుడ్ల సంచి, గాలితిత్తి ఇప్పుడు లడ్డూ అంత ఒంట్లో ఇరుక్కోవాలి. ఈ రకాల్లో వెనక గది చిన్నదైపోవడమో, వంకర తిరగడమో మామూలే. పేగు కాస్త ఉబ్బితే చాలు, తిత్తి మీద ఒత్తిడి పడి తూకం తప్పుతుంది. అందుకే దుకాణంలో ముద్దొచ్చే గుండు చేపకే ఈ రోగం ఎక్కువ. తోక ఒంటిదై, సన్నగా, పొడుగ్గా ఉన్న మామూలు గోల్డ్‌ఫిష్‌కు తక్కువ. నన్నడిగితే పిల్లలకు కొనిచ్చేది ఈ రెండోదే కావాలి. ఇంగ్లండులో ‘టిష్’ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో పోయింది. జాతరలో బహుమతిగా వచ్చిన చేప అది!

తిత్తితోనే వినికిడి

ఈ కుటుంబపు చేపల్లో గాలితిత్తి ముందు గది నుంచి లోపలి చెవి దాకా చిన్నచిన్న ఎముకల గొలుసు ఉంటుంది. 1820లో జర్మన్ శాస్త్రవేత్త వెబర్ వర్ణించాడు కాబట్టి వాటికి ఆయన పేరే. నీళ్లలో శబ్దం వస్తే తిత్తి అదురుతుంది, ఆ అదురు ఎముకల మీదుగా చెవికి చేరుతుంది. జపాన్‌లో కియో విశ్వవిద్యాలయం వాళ్లు బాఖ్ సంగీతానికీ స్ట్రావిన్‌స్కీ సంగీతానికీ తేడా పట్టేలా గోల్డ్‌ఫిష్‌లకు తర్ఫీదిచ్చి 2013లో ఆ ఫలితాలు అచ్చువేశారు. తొట్టి మీద వేళ్లతో టకటకా కొట్టే పిల్లల్ని ఎందుకు ఆపాలో ఇప్పుడు తెలిసింది గదా.

1859లో డార్విన్ తన పుస్తకంలో ఈ తిత్తే మారి మారి ఊపిరితిత్తి అయిందని రాశాడు. సంబంధం ఉందన్నది నిజమే, వరస మాత్రం తిరగబడింది. ఊపిరితిత్తి ముందు, ఈత తిత్తి తర్వాత అని ఇప్పటి శాస్త్రజ్ఞుల మాట.

గుటక వేసే చేప

గోల్డ్‌ఫిష్ గొంతు నుంచి తిత్తికి సన్నటి గొట్టం ఉంది. గాలి గుటక వేసి తిత్తి నింపుకోగలదు, ఎక్కువైతే వదిలేయగలదు. మన రాష్ట్ర చేప కొర్రమీను కూడా పైకొచ్చి గుటక వేస్తుంది గానీ ఆ లెక్క వేరు. అది ఊపిరి కోసం, తల పక్కన ఉన్న ప్రత్యేకమైన గదిలోకి. దాని తిత్తికి బయటికి దారే లేదు.

మా వాడి చేపకు మేత ఏం వేస్తున్నావురా అంటే, నీళ్ల మీద తేలే ఎర్ర గుళికలు, మూడు పూటలా, గుప్పెడు. చేప పైకొచ్చి గుళికతో పాటు గాలి మింగుతుంది. ఎండు గుళికేమో కడుపులోకి పోయాక నీరు పీల్చి ఉబ్బుతుంది. పైగా గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయమే లేదు! గొంతులో పళ్లుంటాయి, అక్కడ నలిగిందే నేరుగా పేగులోకి. నిలవ పెట్టుకునే గోదాం లేని చేపకు మూడు పూటల విందు పెడితే ఏమవుతుంది?

మందు కన్నా ముందు నీళ్లు

దుకాణంలో అడిగితే నీలం చుక్కల సీసా చేతిలో పెడతారు. మా వాడి చేతిలోనూ పెట్టారు. అది మిథిలిన్ బ్లూ. బూజు తెగుళ్లకు పనికొస్తుందేమో గానీ తూకం తప్పిన చేపకు దానితో పని లేదు. సీసా పక్కన పెట్టించాను.

మొదట చూడాల్సింది అమ్మోనియా. రామగుండంలో ఎరువుల కర్మాగారం ఉంది కాబట్టి ఆ పేరు ఇక్కడ కొత్త కాదు. చేప కూడా చిన్న అమ్మోనియా కర్మాగారమే, మొప్పల్లోంచే విడుస్తుంటుంది. తొట్టిలోని మంచి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చాలి. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా కుదురుకోవడానికే నెల పైన పడుతుంది. మనమేమో వారం వారం తొట్టి ఖాళీ చేసి, రాళ్లు తోమి, తళతళలాడించి, ఉన్న కాస్త బాక్టీరియాను కూడా కడిగి పారేస్తాం. మూడో వంతు నీళ్లు మాత్రమే మార్చాలి, అవీ ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి క్లోరిన్ పోయినవి. వేడి పెరిగినకొద్దీ అమ్మోనియా విషం పదునెక్కుతుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరులో 9 మిల్లీగ్రాములు కరిగితే 35 దగ్గర కరిగేది 7. మే నెలలో 45 డిగ్రీలు చూసే మన బొగ్గుబావుల ఊళ్లలో చలినీటి చేపను పెంచడమంటే గాలిపంపు ఆగకుండా నడవాల్సిందే.

నీళ్లు చక్కబెట్టాక ఉపవాసం. రెండు మూడు రోజులు ఏమీ వేయకూడదు. పెద్ద చేపకు ఏమీ కాదు, అలవాటు లేక బాధపడేది మనమే. తర్వాత పచ్చి బఠానీ. ఉడికించి, తొక్క తీసి, గోటితో చిదిమి చిటికెడు వేయాలి. అమెరికాలో పశువైద్యులు కూడా తేలే గోల్డ్‌ఫిష్‌లకు చెప్పిన వైద్యమిది. బఠానీలో మహిమేమైనా ఉందా అంటే నాకు అనుమానమే. పీచు ఉంటుంది, నీళ్లలో మునుగుతుంది. చేప పైకి రాకుండా, గాలి మింగకుండా తింటుంది. సగం గుణం అక్కడే ఉందేమో.

లీటరుకు ఒక గ్రాము లెక్కన దొడ్డుప్పు విడిగా కరిగించి మెల్లగా కలిపితే చేపకు కాస్త శ్రమ తగ్గుతుంది. నలభై లీటర్ల తొట్టికి నలభై గ్రాములు. నీళ్లు ఆవిరైతే మళ్లీ ఉప్పు వేయకండి, ఉప్పు ఆవిరి కాదు.

మునిగిన చేపది వేరే కథ

తేలేదానికన్నా అడుగున పడుండేదే మొండి కేసు. తిత్తిలో నీరు చేరి ఉండొచ్చు, సూక్ష్మజీవులు పట్టి ఉండొచ్చు. గోల్డ్‌ఫిష్ మూత్రపిండాల్లో చేరే ఒక పరాన్నజీవి అయితే పొట్టను ఒక పక్కకు ఉబ్బించి చేపను వాల్చేస్తుంది. బఠానీ దీని దరిదాపుల్లోకి రాదు. రాళ్లు తీసేసి అడుగు నున్నగా ఉంచాలి, లేదంటే పొట్ట ఒరుసుకుని పుండు పడుతుంది. నీటి మట్టం తగ్గిస్తే పైకి రావడానికి తక్కువ ఆయాసం.

అసలు సంగతి తేల్చేది ఎక్స్‌రే. గాలి నల్లగా పడుతుంది కాబట్టి తిత్తి ఎక్కడుంది, ఎంతుంది, ఏ పక్కకు జరిగింది అన్నీ కనిపిస్తాయి. కొన్ని దేశాల్లో చేపకు నీళ్లలోనే మత్తు కలిపి, సూదితో తిత్తిలోని ద్రవం లాగుతారు, ఎక్కువ తేలే చేప కడుపులో చిన్న రాయి అమర్చి కుట్లు వేస్తారు. లవంగ నూనెలోని యూజినాల్ కూడా చేపలకు మత్తుమందే. అమెరికాలో టెక్సస్‌లో 2017లో ఒకతను అక్వేరియం గొట్టం ముక్కలతో మునిగే గోల్డ్‌ఫిష్‌కు చక్రాల కుర్చీ లాంటిది కట్టి పైన తేలికపాటి ముక్క తగిలించాడు. చేప మళ్లీ ఈదింది.

సిమెంటు తేలుతుందా?

బసంత్‌నగర్ వాళ్లను అడగాల్సిన ప్రశ్నే. తేలుతుంది. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 500 ఎకరాల్లో పరుచుకున్న 100 మెగావాట్ల సోలార్ కేంద్రం 2022 జూలై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. మొత్తం 40 బ్లాకులు. పలకలు ప్లాస్టిక్ ఫ్లోట్ల మీద ఉంటే, ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఫెర్రోసిమెంటు తెప్పల మీద ఉన్నాయి. అవి కొట్టుకుపోకుండా అడుగున కాంక్రీటు దిమ్మెలు పట్టి ఉంచుతాయి. పైన తేలేదీ కింద పట్టేదీ రెండూ సిమెంటే, లోపల గాలి ఉందా లేదా అన్నదే తేడా. చేప కడుపులో రాయి పెట్టే డాక్టరు చేసేదీ ఈ ఇంజినీరు పనే.

బొగ్గు లాబొరేటరీల్లో కూడా ఇదే ఆట. జింక్ క్లోరైడ్ కలిపిన చిక్కటి ద్రవంలో ముక్కలు వేస్తే బూడిద తక్కువున్న బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది.

లక్షల తిత్తి

కాకినాడ, కోనసీమ తీరంలో కచిడి చేప వలలో పడితే జాలరి పంట పండినట్టే. పత్రికలు దానికి కూడా ‘గోల్డ్ ఫిష్’ అనే పేరు పెట్టాయి. ఒక్క చేప లక్షల్లో పలికేది కండ కోసం కాదు, గాలితిత్తి కోసం. ఎండబెట్టి తూర్పు ఆసియా దేశాలకు పంపితే అక్కడ సూపుల్లో వేస్తారు. కొన్ని చేపల తిత్తి నుంచి తీసే జిగురుతో బీరు తేటపరుస్తారు కూడా.

మా వాడి చేప తిత్తికి ఆ ధర ఎవడూ ఇవ్వడు. మూడో రోజు సాయంత్రం అది పక్కకు ఒరిగింది. ఐదో రోజు బఠానీ ముక్క వెంట కిందికి దిగింది. ఇప్పటికీ ఎడమకు కాస్త వాలే ఈదుతుంది, ఇక అంతకన్నా నిటారు కాదనుకుంటా. వాడు దానికి ‘ఉల్టా’ అని పేరు పెట్టాడు. పక్కింటాయన పొద్దున పాల ప్యాకెట్‌కు పోతూ కిటికీలోంచి తొంగి చూసి, “ఉన్నదారా?” అని అడిగి మరీ పోతున్నాడు.