నెత్తుటి చుక్క చెప్పే జీవశాస్త్రం

వేలికొనకు సూది గుచ్చి ఒక చుక్క నెత్తురు తీస్తారు. రసాయనం పోసిన చిన్న గాజు గొట్టంలో దాన్ని కలిపి, గొట్టం వెనక నల్ల గీతలున్న కాగితం పెట్టి చూస్తారు. గీతలు తేటగా కనిపిస్తే సరే. ద్రవం మసకబారి గీతలు కనబడకుండా పోతే మాత్రం మరో పరీక్ష చేయాల్సిందే. ఆ నెత్తుట్లో సికిల్ హిమోగ్లోబిన్ ఉందన్న అనుమానంతో దాన్ని పెద్ద ల్యాబ్‌కు పంపుతారు.

ఉమ్మడి ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండు, కోలాం, పర్ధాన్ గూడేలకు ఈ సికిల్ సెల్ కొత్తది కాదు. కణం, జన్యువు, వంశపారంపర్యం, పరిణామం అంటూ బడిలో వేర్వేరు పాఠాలుగా చదివి మరిచిపోయినవన్నీ ఈ ఒక్క జబ్బులో కలిసే కనిపిస్తాయి.

ఎర్ర రక్తకణం మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉండే గుండ్రటి బిళ్ల. ఎముక మూలుగలో పుడుతుంది. నెత్తుట్లోకి వచ్చేలోపే తన కేంద్రకాన్ని వదిలేసుకుంటుంది. ఇక దాని నిండా ఉండేది ప్రాణవాయువును మోసే హిమోగ్లోబినే. మెత్తగా వంగుతూ తనకంటే సన్నటి నాళాల్లోంచి కూడా జారిపోతుంది, సుమారు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ ఉన్నవారిలో ప్రాణవాయువును దించేయగానే హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి కడ్డీల్లా తయారవుతాయి. దాంతో కణం కొడవలిలా వంగి బిర్రబిగుస్తుంది, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. ఎముకల్లో భరించలేని నొప్పులు, పసిపిల్లలకు చేతులూ కాళ్లూ వాయడం అందువల్లే. అలాంటి కణం 10, 20 రోజులకే చచ్చిపోతుంది కనుక రక్తం ఎప్పుడూ తక్కువే. ఇది ఇనుము లోపించి వచ్చిన రక్తహీనత కాదు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా నయం కాదు.

ఇంతకీ తేడా ఎంత? హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. వాటిలో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది పోయి వాలీన్ వచ్చింది, అంతే! డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మారిన ఫలితమిది. ఏ అమైనో ఆమ్లం మారిందో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ 1950ల్లో పట్టుకున్నాడు.

ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు: ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఒకే ప్రతిలో మార్పు ఉన్నవారు వాహకులు. సాధారణంగా వారికి ఏ బాధా ఉండదు. అసలు చిక్కు ఇద్దరు వాహకులు పెళ్లాడినప్పుడే. ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ మారిన ప్రతులే అంది జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు. నాణెం ఎగరేసినట్టే, వెనకటి ఫలితం దానికి గుర్తుండదు.

గోండుల్లో పెళ్లి మాట రాగానే ఎన్ని దేవతలవారని అడుగుతారు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతలవారిగా విడిపోయిన వీరు ఒకే వర్గంలో పిల్లనివ్వరు, తెచ్చుకోరు. తండ్రి వైపు రక్త సంబంధీకుల మధ్య పెళ్లిళ్లు జరగకుండా కాపాడే కట్టుబాటు ఇది. మేనరికానికి మాత్రం అడ్డు లేదు. పైగా ఈ జన్యువు తల్లి నుంచీ వస్తుంది, ఏ వర్గంలోనైనా ఉండొచ్చు. దేవతల లెక్క కుదిరినంత మాత్రాన నెత్తుటి లెక్క కుదిరినట్టు కాదు.

ఇంత కీడు చేసే జన్యువు ఎందుకు అంతరించలేదు? దానికి జవాబు దోమ దగ్గర ఉంది. వాహకులకు ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో తేల్చాడు. మన్యం జ్వరాలు పిల్లలను ఎత్తుకుపోయిన తరాల్లో వాహకులు బతికి బట్టకట్టారు, జన్యువును బిడ్డలకు అందించారు. పశ్చిమ ఆఫ్రికాలోనూ, మధ్య భారత అడవుల్లోనూ జరిగింది ఇదే.

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్ల లోపువారికి పరీక్షలు చేసి ఫలితం రాసిన కార్డులిస్తోంది. జబ్బు ఉన్నవారికి హైడ్రాక్సీయూరియా మాత్ర నొప్పుల దాడులను తగ్గిస్తుంది. నీళ్లు బాగా తాగాలి, చలిలో తిరగకూడదు. వాహకులకు మందు అక్కర్లేదు గానీ, సంబంధం కుదుర్చుకునే ముందు అవతలివారి కార్డు కూడా చూడాలి.