టెలిఫోను, బ్రాడ్‌బ్యాండు కంట్రాక్టులు: విడిచిపోవువాని మీద పడు రుసుములు

మన సభ్యులలో పెక్కురు హైదరాబాదు పట్నమునకు సరకు పంపువారే. ఉల్లి, మిరప మలక్‌పేట మార్కెట్టుకు పోవును. కూరగాయలు పాతబస్తీలోని మీరాలం మండీకిని మాదన్నపేటకును పోవును. తెల్లవారకమునుపే ధర కనుగొని లారీ ఎత్తించుట నేడు రైతులకు వాడుకయైనది. అడ్తిదారు కొట్టులోని టెలిఫోను, బ్రాడ్‌బ్యాండు ఖర్చు అతని సొంత వ్యవహారమని మన మనుకొందుము గాని, కొట్టు ఖర్చు ఏదో యొక రూపమున సరకు ధరలోనికి దిగకమానదు. అంతేగాక మన సంఘములును ఇప్పుడు ఇట్టి చందాదారులే. 2022 జూనులో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు పథకము మంజూరుచేసిన నాటినుండి, తీగ లేని సంఘ కార్యాలయమును ఊహించుటయే కష్టముగానున్నది. తీగ వచ్చినచోటికి కంట్రాక్టు కాగితమును వచ్చును. ఆ కాగితమును గూర్చియే మే మీ నెల వ్రాయదలచితిమి.

వ్యాపారస్థులకిచ్చు కనెక్షన్లలో తరచుగ నుండు షరతు ఒకటి కలదు. ఇన్ని నెలలవరకు చందాదారు విడిచిపోరాదు. పోయినచో మిగిలిన కాలమునకు రుసుము చెల్లింపవలయును. షరతు పెద్ద అక్షరములతో నుండదు. ఏజెంటు కొట్టుకు వచ్చి, నెలకింత అని ఒక్క అంకె మాత్రము చెప్పి, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. అంకెలు అడిగి తీసికొని పోవును. ఆ అంకెలు చెప్పుటయే సంతకము చేయుటతో సమానమని కొట్టులోని వానికి తెలియదు. ఎలెక్ట్రానిక్ రూపమున జరిగినంత మాత్రమున ఒప్పందము చెల్లకపోదని 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము చెప్పుచున్నది గావున, కాగితముపై వ్రేలు పెట్టలేదు గదా యను ధీమా పనికిరాదు.

లెక్క ఎట్లుండునో ఊహించి చూతము. నెలకు 1,000 రూపాయల చొప్పున 12 నెలల కట్టుబాటుతో ఒక వర్తకుడు కనెక్షను తీసికొనెననుకొందము. ఏడు నెలలు సక్రమముగ చెల్లించినాడు. కొట్టు అద్దె పెరిగి వేఱొక గల్లీకి మారవలసి వచ్చినది; అక్కడికి ఆ కంపెనీ తీగ లేదు. అతడు కనెక్షను తీసివేయుడని చెప్పును. మిగిలిన అయిదు నెలలకు 5,000, ఏడు నెలలపాటు నెలకు 200 చొప్పున ఇచ్చిన తగ్గింపు తిరిగి వసూలు 1,400, ఉచితమని చెప్పి అమర్చిన పనికి 1,500, వెరసి 7,900. దీనిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 1,422. మొత్తము 9,322 రూపాయలు. ఏడు నెలలు వాడుకొన్నందుకు పన్ను గాక చెల్లించినది 7,000 మాత్రమే. విడిచిపోయినందుకు అంతకంటె నెక్కువ. ఉచితమన్న మాటకు షరతులు నెరవేరువరకు అని అర్థమని అతనికి ఆ దినమున తెలియును.

ఇట్టి కోతలు మన రైతులకు కొత్తవి కావు. తరుగు, హమాలీ, ధర్మాదాయము అనుచు గంజిలో పట్టీమీద ఎన్ని కోతలు పడినవో మన పెద్దలు చెప్పుదురు. 1928లో రాయల్ వ్యవసాయ కమీషను ఈ అనధికారపు కోతలను ఖండించి, క్రమబద్ధములైన మార్కెట్లను సిఫారసు చేసినది. హైదరాబాదు సంస్థానములో వ్యవసాయ మార్కెట్ల చట్టము 1930లో వచ్చినది. అప్పటి కోతలు కంటికి కనబడునట్టివి. రైతు పోట్లాడుటకైనను తక్కెడ యెదుట నుండెను. టెలిఫోను బిల్లులోని కోత కనబడునప్పటికి ఏజెంటు మొబైలు నంబరు కూడ పనిచేయదు.

మౌనమును సమ్మతిగా నెంచుట రెండవ పద్ధతి. గడువు తీరునాటికి వలదని వ్రాయనిచో కంట్రాక్టు దానంతట నదే మరియొక యేడాదికి సాగును. పిమ్మట విడిచిన మరల రుసుము. ఇంగ్లండులో ఇది అంత విరివిగ సాగినందున, అక్కడి నియంత్రణసంస్థయైన ఆఫ్‌కామ్ 2011లో దానంతట నదే సాగు కంట్రాక్టులను గృహస్థులకును, పదిమందికి మించని సిబ్బందిగల చిన్న వ్యాపారములకును నిషేధించినది. చిన్న వర్తకుడు వర్తకుడే యైనను కంపెనీ యెదుట గృహస్థునివలెనే బలహీనుడని గుర్తించిన ఆ తీర్పు మాకు మిక్కిలి సమంజసముగ దోచుచున్నది. మనలో పంటల బీమా నెరిగినవారికిని ఈ పద్ధతి కొత్తగాదు. 2020 ఖరీఫు నుండి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో చేరుట ఐచ్ఛికమైనను, పథకము అమలులోనున్న చోట్ల అప్పు తీసికొన్న రైతు గడువునకు ఏడు దినములు ముందుగా వలదని వ్రాసి యియ్యనిచో ప్రీమియము కోతపడును. బీమా మేలుచేయునదే కావచ్చును; వలదనుటకు గడువున్నదని తెలియుట వేఱు సంగతి.

అడుగకయే తగులు అదనపు సేవలు మూడవవి. పాటలు, జాతకములు మొదలగు వానికి దినమునకింత అని బాకీ కోయుట ఒకప్పుడు మితిమీరినది. చందాదారు రెండుమార్లు సమ్మతి తెలిపినగాని ఇట్టి సేవ నారంభింపరాదని ట్రాయ్ సంస్థ 2013 జూలైలో ఆదేశించినది. వీనిని మాన్పించుటకు 155223 అను ఉచిత నంబరును ఏర్పాటుచేసినది.

పాతబస్తీలో మరియొక చిక్కు కలదు. పత్థర్‌గట్టీ రాతి కమానులనుండి లాడ్‌బజారు వరకు తీగలు స్తంభముల మీదుగా గుత్తులు గుత్తులుగా వ్రేలాడుట చూడనివారుండరు. 2025 ఆగస్టులో రామంతాపూరులో ఊరేగింపు రథమునకు విద్యుత్తు తగిలి పలువురు మరణించిరి. వెంటనే పాతబస్తీ బండ్లగూడలోను ప్రాణనష్టము జరిగినది. పిమ్మట విద్యుత్ సంస్థ స్తంభములపై తీగలను తెగగొట్టగా కంపెనీలు హైకోర్టుకెక్కినవి. ప్రాణముల కంటె తీగ లెక్కువ కావు. తొలగింపు తప్పని మే మనము. అయితే ఇట్లు సేవ నిలిచి, దినములతరబడి మరల రానప్పుడు విసిగి విడిచిన చందాదారు కట్టుబాటు నుల్లంఘించినవాడగునా? సేవ లేని దినములను వ్రాసియుంచుకొని, ఫిర్యాదు సంఖ్యలతో చూపినచో, ఒప్పందమును ముందు నెరవేర్చనిది కంపెనీయే యని వాదించుటకు ఆధారము దొరకును. వ్రాయనివానికి దొరకదు.

చట్టము నిస్సహాయముగ లేదు. 1872 కంట్రాక్టు చట్టపు 74వ సెక్షను ప్రకారము, కాగితములో ఎంత మొత్తము వ్రాసికొన్నను, దానికి మించక న్యాయమైన పరిహారమే దక్కును. వ్రాసినదంతయు గుడ్డిగా రాదు. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణచట్టము, జరిగిన నష్టమునకు పొంతనలేని జుర్మానా విధించు కంట్రాక్టును అన్యాయపు కంట్రాక్టుగా పేర్కొన్నది. ఇట్టి ఫిర్యాదు జిల్లా కమీషనులో గాక రాష్ట్ర కమీషనులో వేయవలయును. చేరుట సులభముగను మానుట దుర్లభముగను చేయు చందా ఉచ్చును 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకములు వంచనారీతులలో చేర్చినవి. టెలిఫోను తగవులు వినియోగదారుల కోర్టులకు చెల్లవని 2009లో వచ్చిన తీర్పు పెక్కుమందిని వెనుకకు త్రిప్పినది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అవి చెల్లునని స్పష్టపరచినది. ఒక్క అడ్డంకి మాత్రము గుర్తుంచుకొనవలయును. వ్యాపారప్రయోజనమునకై తీసికొన్న సేవయని కంపెనీ వాదించును. స్వయముగా కొట్టు నడుపుకొని పొట్టపోసికొను చిన్నవానికిని, పెద్ద సంస్థకును గల భేదమును కమీషను ఎదుట తేల్చుకొనవలసియుండును. కనెక్షను ఎవరి పేరున, ఏ పనికి తీసికొన్నదీ కాగితములలో సరిగా నుండుట అందుకే ముఖ్యము.

కోర్టు కంటె ముందు మెట్టు కంపెనీయే. ఫిర్యాదు కేంద్రమునకు చెప్పి సంఖ్య వ్రాసికొనవలయును. తృప్తి కలుగనిచో 30 దినములలోపల అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయవచ్చును. దానికి రుసుము లేదు. 39 దినములలో పరిష్కరింపవలెనని 2012 నాటి ట్రాయ్ నియమము. 1915 నంబరున జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమున్నది. మన సంఘముల కార్యదర్శులు కొత్త కనెక్షనుకు తీర్మానము చేయునపుడు, కట్టుబాటు ఎన్ని నెలలు, మధ్యలో విడిచిన ఎంత, గడువు తీరిన పిమ్మట ఏమగును అను మూడు ప్రశ్నలకు ఏజెంటుచేత వ్రాతమూలకముగ జవాబు పుచ్చుకొని తీర్మానపు పుస్తకములో అంటింపవలయును. వ్రాసియిచ్చుటకు వెనుకాడు ఏజెంటును అప్పుడే పంపివేయుట మేలు. విడుచునపుడు రౌటరు పెట్టెను వాపసు చేసి, దానిమీది నంబరుతో రసీదు తీసికొనుట మరువరాదు. రసీదు లేని పెట్టెకు ఆరు నెలల పిమ్మట మరల బిల్లు వచ్చును.